మిలీనియల్స్‌కి చదువు పిచ్చి, ఉద్యోగంలో నిలకడలేమి, ఖర్చులో దుబారా: ఈ మూడు మాటలూ లెక్కకి నిలుస్తాయా?

మీ ప్రశ్నని క్లుప్తంగా మళ్ళీ చెప్తాను, జవాబంతా దాని మీదే నడుస్తుంది కనుక. సంస్థ కోసం ఒక నివేదిక రాస్తున్నారు. పైవాళ్ళు మూడు మాటలు ముందే తేల్చేసి మీ చేతికిచ్చారు: మిలీనియల్స్ (సుమారుగా 1980లు, 90ల్లో పుట్టిన తరం) డిగ్రీ మీద డిగ్రీ చేస్తారు, ఒక ఉద్యోగంలో రెండేళ్ళు నిలవరు, చేతికొచ్చింది వచ్చినట్టే ఖర్చుపెట్టేస్తారు. వీటికి ఆధారాలు వెతికి, జీతాల విధానంలో, శిక్షణ బడ్జెట్‌లో ఏం మార్చాలో రాయమన్నారు. ఆధారాలు దొరుకుతాయా, సొంత డేటాతో ఎలా సరిచూసుకోవాలి అని అడిగారు.

మొదటి మాట నిజమే, కారణం మాత్రం పిచ్చి కాదు. రెండోది చాలావరకు తప్పు. మూడోది, వయసునీ రాబడినీ సరిచూశాక దాదాపు మిగలదు. నాకు అర్థమైనంతలో ఈ తరం అభిరుచులు ముందు తరాలకంటే పెద్దగా మారలేదు. వీళ్ళ ముందుకొచ్చిన బిల్లులు మారాయి, అవి వచ్చిన వరస మారింది. నివేదిక అంతా ఈ ఒక్క తేడా మీద నిలబెట్టొచ్చు.

ముందు హద్దు గీసుకోండి. ఎక్కువమంది వాడేది అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ హద్దు: 1981 నుంచి 1996 దాకా పుట్టినవాళ్ళు. ఈ పేరును చలామణిలోకి తెచ్చిన విలియం స్ట్రాస్, నీల్ హౌల లెక్క 1982తో మొదలవుతుంది. ఏడాది అటూ ఇటూ అయితే కొంప మునగదు కానీ, మొదటి పేజీలో రాసిన హద్దుకి చివరిదాకా కట్టుబడాలి. 2025 నాటికి వీళ్ళ వయసు 29 నుంచి 44. అంటే "ఈ కాలం కుర్రాళ్ళు" అని విసుక్కునే మేనేజర్లలో కూడా మిలీనియల్స్ ఉండే ఉంటారు! ఇరవై మూడేళ్ళ కొత్త ఉద్యోగి మీద వచ్చిన ఫిర్యాదును నలభై ఏళ్ళ మనిషి ఖాతాలో వేయడం ఇలాంటి నివేదికల్లో మామూలుగా జరిగే పొరపాటు.

ఇంకో సంగతి, పదహారేళ్ళ వెడల్పున్న గుంపుని ఒకే ముద్దగా చూడకూడదు. 2008 సెప్టెంబరులో అమెరికన్ బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలి ఆర్థిక సంక్షోభం ముదిరినప్పుడు వీళ్ళలో పెద్దవాళ్ళకి 27 ఏళ్ళు, చిన్నవాళ్ళు ఇంకా బడిలో ఉన్నారు. ఇంగ్లండ్‌నే తీసుకుంటే, 1981లో పుట్టి 18వ ఏట యూనివర్సిటీలో చేరిన మనిషికి ఏడాది ఫీజు వెయ్యి పౌండ్ల చుట్టూ. అక్కడే 1994లో పుట్టి 2012లో చేరినవాళ్ళకి 9,000 పౌండ్ల దాకా. ఇద్దరూ మిలీనియల్సే, ఇద్దరి అప్పు ఒకటి కాదు. కాబట్టి కనీసం రెండు ముక్కలు చెయ్యండి: 1981–88, 1989–96.

ఇక అసలు చిక్కు. మనిషి ప్రవర్తనలో మూడు కలిసిపోయి ఉంటాయి: వయసు, ఆనాటి కాలం, పుట్టిన తరం. నడుస్తున్న ఏడాదిలోంచి పుట్టిన ఏడాది తీసేస్తే వచ్చేదే వయసు కాబట్టి ఏ రెండు తెలిసినా మూడోది తెలిసిపోతుంది. అందుకే ఏదో ఒక ఊహ పెట్టుకోకుండా ఈ మూడింటి ప్రభావాన్ని విడదీసే గణాంక పద్ధతి లేదు. ఒకే ఏడాది చేసిన సర్వేతో అయితే మరీ కష్టం. 30 ఏళ్ళవాళ్ళనీ 55 ఏళ్ళవాళ్ళనీ పక్కపక్కన పెడితే కాలం ఒకటే అయినా వయసూ తరమూ రెండూ మారిపోయాయి, తేడా ఏ ఖాతాదో తేలదు. "మిలీనియల్స్ ఇలా, బూమర్స్ (1946–64 మధ్య పుట్టినవాళ్ళు) అలా" అని పత్రికల్లో కనిపించే పట్టికల్లో ఎక్కువ భాగం ఈ రకమే.

దీనికి మందు, సమాన వయసు పోలిక. 2015లో 25–34 ఏళ్ళున్నవాళ్ళని 2000లో 25–34 ఏళ్ళున్నవాళ్ళతో పోల్చండి. మొదటి గుంపంతా మిలీనియల్స్, రెండోదంతా జెన్ ఎక్స్, అంటే 1965–80 మధ్య పుట్టిన ముందు తరం. ఇక్కడితో ఆపితే కాలం ప్రభావం ఇంకా కలిసే ఉంటుంది. కాబట్టి ఆ రెండు సంవత్సరాల్లోనే 45–54 ఏళ్ళవాళ్ళని కూడా చూడండి. కుర్రవాళ్ళలో ఏడాది దాటి ఉద్యోగంలో ఉన్నవాళ్ళ శాతం 4 పాయింట్లు తగ్గి, పెద్దవాళ్ళలోనూ 4 తగ్గితే అది కాలం చేసిన పని. కుర్రవాళ్ళలో మాత్రమే తగ్గితే అప్పుడు తరం గురించి మాట్లాడొచ్చు, అదీ కాస్త జాగ్రత్తగా.

ఉద్యోగాల సంగతి వివరంగా చెప్తాను, అపోహ ఎక్కువున్నదీ డబ్బు పోతున్నదీ ఇక్కడే. అమెరికా ప్రభుత్వ గణాంకాల మీద ప్యూ చేసిన పోలికలో, 2016 జనవరిలో 18–35 ఏళ్ళ ఉద్యోగుల్లో 63 శాతం మంది అదే యజమాని దగ్గర 13 నెలలో అంతకంటే ఎక్కువో ఉన్నారు. 2000 ఫిబ్రవరిలో అదే వయసు జెన్ ఎక్స్‌లో అది 60 శాతం. అంటే మిలీనియల్స్ ఇసుమంత ఎక్కువే నిలిచారు. ఇది విధేయత అని మురిసిపోనక్కర్లేదు. కొత్త నియామకాలు మందగించినప్పుడు మనుషులు ఉన్నచోటే ఉంటారు.

అసలు కుర్రతనంలో ఉద్యోగాలు మారడం ఏ తరానిదీ కాదు. ఆర్థికవేత్తలు రాబర్ట్ టోపెల్, మైకేల్ వార్డ్ 1992లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికన్ యువకులు పనిలోకొచ్చిన మొదటి పదేళ్ళలో సగటున ఏడు ఉద్యోగాలు చేశారు. ఆ కాలపు జీతం పెరుగుదలలో కనీసం మూడోవంతు ఉద్యోగం మారిన సందర్భాల్లోనే వచ్చింది. వాళ్ళ డేటా 1957–72 మధ్యది. ఇవాళ నిలకడ గురించి పాఠాలు చెప్పే పెద్దల తరం, వాళ్ళకంటే ముందు తరం అన్నమాట.

రెండో ముక్క ఇంకా ముఖ్యం. ఫిలిప్ ఒరియోపౌలస్, టిల్ ఫాన్ వాక్టర్, ఆండ్రూ హైజ్ కెనడా డిగ్రీదారుల మీద చేసిన పని 2012లో వచ్చింది. మాంద్యంలో చదువు ముగించి బయటికొచ్చినవాళ్ళ తొలి సంపాదన దాదాపు 9 శాతం తక్కువగా మొదలై, ఐదేళ్ళకి ఆ లోటు సగమై, పదేళ్ళకి పూడింది. ఎలా పూడింది? తక్కువ జీతమిచ్చే సంస్థల్లో మొదలుపెట్టినవాళ్ళు మెల్లగా మెరుగైన సంస్థలకి మారడం వల్ల చాలావరకు. 2008 తర్వాత చదువు ముగించిన మిలీనియల్ మూడేళ్ళకి రాజీనామా ఇస్తే అది లోటు పూడ్చుకోవడం కావచ్చు. దాన్ని నిలకడలేమి అని రాస్తే మీ నివేదిక తప్పుడు మందు సూచిస్తుంది.

సొంత డేటాతో ఎలా చూడాలంటే, ప్రతి ఉద్యోగికీ ఐదు గడులు కావాలి: చేరిన తేదీ, వెళ్ళిన తేదీ, చేరేనాటి వయసు, చేరిన హోదా, వెళ్ళిన కారణం. ప్రస్తుతం పనిచేస్తున్నవాళ్ళ సగటు సర్వీసు మాత్రం తియ్యకండి. 22కి పనిలో చేరి 29కి వచ్చిన మనిషికి ఏడేళ్ళకి మించిన సర్వీసు ఉండనే ఉండదు, 50 ఏళ్ళ మనిషికి పాతికేళ్ళు ఉండొచ్చు. ఆ పట్టిక కొలిచేది వయసునే.

దాని బదులు, చేరిన ఎన్ని నెలలకి ఎంత శాతం మంది మిగిలారో చూపే గీత, అంటే నిలిచినవాళ్ళ వక్రం గీయండి. గణాంకవేత్తలు దీన్ని కాప్లన్–మయర్ పద్ధతి అంటారు, 1958 నాటిది, స్ప్రెడ్‌షీట్‌లో అయిపోతుంది. ఉదాహరణకి 25–29 వయసులో చేరిన 200 మందిలో మొదటి ఆర్నెల్లలో 20 మంది వెళ్ళారు. నిలిచినవాళ్ళు 0.90. మిగిలిన 180లో 30 మంది ఇటీవలే చేరి ఇప్పుడే ఆర్నెల్లు నింపారు, తర్వాతి ఆర్నెల్ల సంగతి వాళ్ళ విషయంలో ఇంకా తెలియదు. వాళ్ళని పక్కన పెడితే 150. అందులో తర్వాతి ఆర్నెల్లలో 15 మంది వెళ్ళారు, మళ్ళీ 0.90. రెండూ గుణిస్తే 0.81, అంటే ఏడాది నిండేసరికి 81 శాతం. మామూలుగా 200లోంచి 35 తీసేస్తే 82.5 వస్తుంది, ఉన్నదానికంటే మంచిగా కనబడుతుంది. కొత్త నియామకాలు జోరుగా ఉన్న సంస్థలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. చేరిన వయసు ఒకటే పెట్టి, చేరిన కాలాన్ని మార్చి (1998–2002, 2008–12, 2018–22) మూడు వక్రాలు ఒకే బొమ్మలో వెయ్యండి. చాలా సంస్థల్లో ఆ బొమ్మతోనే వాదన ముగుస్తుంది.

చెడేదెక్కడ? హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు పనిలో ఉన్నవాళ్ళ రికార్డులే కొత్తదానికి తెచ్చి, వెళ్ళిపోయినవాళ్ళవి వదిలేస్తారు. దాంతో పాత తరమంతా మహా నిలకడగా కనిపిస్తుంది, నిలవనివాళ్ళు డేటాలోనే లేరు కాబట్టి. పాత జీతాల రిజిస్టర్‌తో సరిచూడకుండా ముందుకెళ్ళొద్దు. సంస్థలు విలీనమైనప్పుడు చేరిన తేదీలు కొత్తగా పడుతుంటాయి. కాంట్రాక్టు గడువు ముగిసినవాళ్ళనీ, సంస్థే తీసేసినవాళ్ళనీ "వెళ్ళిపోయారు" అని రాసేస్తారు. కారణం గడిని మూడుగా విడదీయండి: తానుగా, గడువు తీరి, సంస్థ పంపగా. మాంద్యంలో చేరినవాళ్ళకి కాంట్రాక్టులే ఎక్కువ దక్కి ఉంటే, వాళ్ళ వక్రం పడిపోవడానికి వాళ్ళ మనస్తత్వంతో సంబంధం లేదు.

గుంపు పరిమాణం కూడా చూసుకోండి. 30 మంది గుంపులో శాతానికి 18 పాయింట్లు అటూ ఇటూ ఊగే వీలుంది. 100 మందికి 10, 400 మందికి 5. పాతికమంది జట్టులో ఈ ఏడాది ఆరుగురు వెళ్ళారని తరం గురించి సిద్ధాంతం కట్టకూడదు.

వక్రం ఒకచోట ఒక్కసారిగా కూలితే అక్కడ సంస్థ నియమం ఏముందో వెతకండి. శిక్షణ ఖర్చు పెట్టి 24 నెలల బాండ్ రాయించుకునే చోట 25వ నెలలో రాజీనామాలు కుప్పపడతాయి. బాండ్ మొత్తం నెలనెలా ఇరవై నాలుగో వంతు చొప్పున తగ్గేలా రాస్తే ఆ గట్టు మాయమవుతుంది. ఇంకో పరీక్ష: ప్రతి హోదాలో ఈ ఏడాది చేరిన కొత్తవాళ్ళ మధ్యస్థ జీతాన్నీ (జీతాలన్నీ వరసగా పేర్చితే నడిమిది), మూడేళ్ళుగా అదే హోదాలో ఉన్నవాళ్ళ మధ్యస్థ జీతాన్నీ పక్కపక్కన రాయండి. కొత్తవాళ్ళది ఎక్కువగా ఉంటే, బయటికెళ్తేనే పెరుగుతుందని సంస్థే నేర్పుతోంది. ఏటా ఇచ్చే హైక్ కంటే ముందు సరిచెయ్యాల్సింది అది. ఆఫీసులో టేబుల్ టెన్నిస్ బల్లల్లాంటి సరదాలు తర్వాత చూసుకోవచ్చు.

చదువు దగ్గరికొస్తే అంకెలు స్పష్టంగానే ఉన్నాయి. ప్యూ 2019 పోలికలో, 25–37 వయసులో బ్యాచిలర్ డిగ్రీ లేదా అంతకంటే పై చదువు ఉన్నవాళ్ళు అమెరికన్ మిలీనియల్స్‌లో 39 శాతం. అదే వయసులో జెన్ ఎక్స్‌లో 29, బూమర్స్‌లో నాలుగోవంతు. దీనికి ప్రధాన కారణం గుమ్మం దగ్గర ఉంది. ఒకప్పుడు డిగ్రీ అడగని ఉద్యోగాలకి ఇప్పుడు అడుగుతున్నారు. అందరి దగ్గరా డిగ్రీ ఉంటే అది ఎవరినీ ప్రత్యేకంగా నిలబెట్టదు, లేకపోతే మాత్రం వడపోతలోనే పోతారు. మీ సంస్థ నియామక ప్రకటనలు తీసి, పదిహేనేళ్ళ క్రితం అదే పనికి ఏం అడిగారో, ఇప్పుడేం అడుగుతున్నారో చూడండి. పని మారకుండా అర్హత పెరిగి ఉంటే, పైవాళ్ళు తప్పుపడుతున్న డిగ్రీల వేటకి పైవాళ్ళే కారకులు.

ఉద్యోగం మధ్యలో మళ్ళీ చదవాలా అన్న లెక్కని చాలామంది తప్పు వేస్తారు. నెల జీతం 100 అనుకుందాం. రెండేళ్ళ పూర్తికాలపు కోర్సుకి ఫీజు 1,200, వదులుకునే జీతం 24 నెలలకి 2,400. మొత్తం 3,600. కోర్సు తర్వాత జీతం 140. నెలకి 40 ఎక్కువ, 90 నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుంది అంటారు. కానీ చదవకుండా ఉన్నా ఆ రెండేళ్ళలో 100 కాస్తా 110 అయ్యేది. తేడా 40 కాదు, 30. అప్పుడు 120 నెలలు, పదేళ్ళు. దీనికి పన్నూ అప్పు మీద వడ్డీ కలిపితే ఇంకా సాగుతుంది. పని మానకుండా చదివితే పోయేది ఫీజే కాబట్టి అదే తేడాతో 40 నెలలు. సాయంత్రాలు పోతాయి, మధ్యలో మానేసే ప్రమాదం పెరుగుతుంది, అది కూడా లెక్కే. అన్నిటికంటే చెడ్డ స్థితి అప్పు ఉండి పట్టా లేకపోవడం. అందుకే కోర్సు ఎంచుకునేవాళ్ళు జీతాల పట్టికకంటే ముందు ఎంతమంది పూర్తిచేస్తున్నారో అడగాలి.

2012లో కోర్సెరా, ఎడెక్స్, ఉడాసిటీ లాంటివి వచ్చినప్పుడు ఈ తరం చదువంతా ఆన్‌లైన్‌కి మారిపోతుందనుకున్నారు. ఉచిత కోర్సుల్లో పేరిచ్చినవాళ్ళలో పూర్తిచేసేవాళ్ళు సాధారణంగా పదిమందిలో ఒకరికంటే తక్కువే. సోమరితనం అని కొట్టిపారేయొద్దు. డబ్బు కట్టలేదు, గడువు లేదు, చేతిలో ఉన్న పనికి అక్కర రాలేదు. శిక్షణ బడ్జెట్‌కి ఇందులో పనికొచ్చే సంగతి ఉంది: నేర్చుకున్నది వెంటనే వాడాల్సిన పని ముందే అప్పగించి, తర్వాత కోర్సు కొనివ్వండి. లైబ్రరీ మొత్తానికి లైసెన్సు కొని వాడుకోండని మెయిల్ పెడితే డబ్బు వృథా.

"పూర్తిచేశాక ఫీజు వాపసు ఇస్తాం" అనే పథకం కాగితం మీద బావుంటుంది. చేతిలో రొక్కం లేని ఉద్యోగి అసలు చేరలేడు, ఇప్పటికే నెలనెలా చదువు అప్పు కడుతున్నవాళ్ళయితే మరీను. ఫీజు నేరుగా విద్యాసంస్థకే ముందుగా కట్టి, పూర్తికాకపోతే వాయిదాల్లో తిరిగి తీసుకోండి.

ఖర్చు గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే రాయడానికి తక్కువే ఉంది. అమెరికా ఫెడరల్ రిజర్వ్ బోర్డుకి చెందిన క్రిస్టఫర్ కర్జ్, గెంగ్ లీ, డేనియల్ వైన్ 2018లో ఇదే ప్రశ్న పట్టుకున్నారు. ముందు తరాలు అదే వయసులో ఉన్నప్పటితో పోల్చితే మిలీనియల్స్‌కి రాబడి తక్కువ, ఆస్తులు తక్కువ. వయసూ రాబడీ వగైరా సరిచూశాక ఖర్చు అభిరుచుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

చిన్న సరదాలు మానేస్తే ఇల్లు కొనుక్కోవచ్చన్న సలహాకి ఒక్క గుణకారం చాలు. నెల రాబడి 100, ఇల్లు ఐదేళ్ళ రాబడికి సమానం అంటే 6,000, ముందు కట్టాల్సింది 20 శాతం, అంటే 1,200. నెలకి 3 మిగిల్చితే 400 నెలలు. ముప్ఫై మూడేళ్ళు దాటుతుంది, ఈలోపు ఇంటి ధర కదలకుండా ఉండాలి! అదే అద్దె 30 నుంచి 35కి పెరిగితే ఒక్క దెబ్బకి 5 పోతుంది. సరదా అందరికీ కనిపిస్తుంది, అద్దె కనిపించదు. ఆ కనిపించేదాన్నే దుబారా అంటున్నారు.

నిజంగా కొత్త ప్రమాదాలు రెండున్నాయి. ఒకటి, ఇప్పుడు కొని తర్వాత కట్టే పథకాలు. పై లెక్కలోలాగే నెల రాబడి 100 అనుకుంటే, 8 విలువైన వస్తువుని రెండేసి వారాలకి 2 చొప్పున నాలుగు వాయిదాలు చేస్తారు, ఒక్కొక్కటి చూస్తే ఏమీ కాదు. ఆరు ఒకేసారి నడుస్తుంటే రెండు వారాలకి 12, నెలకి 26 దాకా. రాబడిలో నాలుగోవంతు, అదీ ఎవరూ అప్పు అని పిలవని అప్పు. రెండోది సబ్‌స్క్రిప్షన్లు. వీటిని ఏరడానికి మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ చాలదు, ఏడాదికోసారి తెగేవి అందులో పడవు. పన్నెండు నెలలది తియ్యాలి.

తరం ముద్ర ఉండే వీలున్న చోటు ఒకటుంది. ఆర్థికవేత్తలు ఉల్రిక మాల్మెండియర్, స్టెఫాన్ నాగెల్ 2011లో చూపించిందేమంటే, తమ జీవితంలో షేర్ మార్కెట్ నష్టాలు ఎక్కువ చూసినవాళ్ళు తర్వాత ఆ వైపు వెళ్ళడానికి జంకుతారు. 2008లో పెద్దవాళ్ళు దెబ్బతినడం కళ్ళారా చూసినవాళ్ళలో కొందరు పొదుపంతా బ్యాంకు ఖాతాలోనే ఉంచడానికి ఇది ఒక కారణం కావచ్చు. దుబారాకి పూర్తిగా ఎదురు సమస్య ఇది, ద్రవ్యోల్బణం తినేస్తుంది. ఇక్కడ సంస్థ చెయ్యగలిగింది ఉంది: రిటైర్మెంట్ పొదుపులో చేరడానికి ఫారం నింపమనకుండా, అందర్నీ చేర్చి వద్దనుకున్నవాళ్ళు బయటికెళ్ళేలా పెట్టడం. బ్రిటన్ 2012 నుంచి దశలవారీగా ఇలా చేశాక బాగా పెరిగినవాళ్ళలో 22–29 ఏళ్ళవాళ్ళున్నారు. వాళ్ళ స్వభావం రాత్రికి రాత్రే మారలేదు కదా.

చివరగా, మీరు సర్వే కూడా వేస్తానన్నారు. "మీరు ఇక్కడ ఎంతకాలం ఉండాలనుకుంటున్నారు?" అని అడగకండి. ఉద్యోగం పోగొట్టుకోవాలనుకోని మనిషి ఎవరూ దానికి నిజం చెప్పరు, చెప్పినా అది ఊహే. జరిగినవి అడగండి: గత 12 నెలల్లో బయట ఎక్కడైనా దరఖాస్తు చేశారా, ఇంటర్వ్యూకి వెళ్ళారా, ఆఫర్ వచ్చిందా, వస్తే ఎంత శాతం ఎక్కువ, ఎందుకు ఆగారు. పుట్టిన ఏడాదికి 1981–88 లాంటి గుంపుల్లో టిక్కు పెట్టించకుండా నాలుగంకెల్లో రాయించుకోండి, అప్పుడే తరం హద్దు ఎక్కడ పెట్టినా మళ్ళీ లెక్కించుకోవచ్చు. చేరేనాటి వయసు, చేరిన ఏడాది తప్పకుండా ఉండాలి. ఫలితాల పట్టికలో ఏ గడిలోనైనా పదిమంది కంటే తక్కువ తేలితే ఆ గడి ప్రచురించకండి. శాతం నమ్మదగింది కాదు సరే, ఆ కొద్దిమంది ఎవరో కూడా అందరికీ తెలిసిపోతుంది.